అల్లుడి చేతికి ఇవ్వలేని డబ్బా

నేను బతికే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు మధ్యలో కంగారు పడక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా మా ఊరి అంగన్‌వాడీ నడుపుతున్నదాన్ని. గొంతు పెద్దది, నోరు అంతకంటే పెద్దదని పిల్లల తల్లులందరికీ తెలుసు. అలాంటిదాన్ని, సిగ్గుపడి చావు గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. నాలాంటి ఆడవాళ్ళు ఇంకొందరు ఉంటారు కదా, వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రాస్తే నా గుండె దడ కూడా కాస్త సర్దుకుంటుందేమోనన్న ఆశ ఉంది.

మాది ఉద్దానంలో సోంపేట దగ్గర ఒక పల్లె. కొబ్బరి, జీడి, పనస. ఒకప్పుడు మా ప్రాంతం పేరు చెబితే ఎంత పచ్చగా ఉంటుందో అనేవారు. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీలా అని అడుగుతున్నారు. మా ఇంట్లోనూ ఆ జబ్బు ఒకరిని తీసుకుపోయింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మూడేళ్ళు డయాలసిస్ చేయించుకుని వెళ్ళిపోయారు. వారానికి రెండుసార్లు ఆయన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చింది మా ఆయనే. బావగారి భార్య దాలమ్మక్క మా పక్క వాకిట్లోనే ఉంటుంది. తోడికోడళ్ళమని పేరే గానీ నన్ను చెల్లెలిలా పెంచింది ఆవిడే. అందుకే మా రెండిళ్ళలో ఎవరి కాళ్ళు వాచినా అందరి మనసులోకీ ఒకే మాట వస్తుంది. దాన్ని పైకి ఎవరూ అనరు.

కిందటి జూన్‌లో సెంటరు తెరిచినప్పుడు మొదలైంది. గుడ్ల ట్రేలు రెండు ఎత్తి లోపల పెట్టేసరికి ఆయాసం వచ్చింది. పిల్లల చేత పాట పాడిస్తూ రెండో వరుస దగ్గరే ఆగిపోయాను. ఆయా నీళ్ళిచ్చింది. వయసు యాభై దాటింది, ఎండలు కూడా ముదిరాయి అనుకున్నాను. మనకి మనం చెప్పుకునే మాటలకి లోటేముంది.

ఆగస్టు నాటికి ఇంకో వింత మొదలైంది. పచ్చి బియ్యం తినాలనిపించేది. అన్నం సయించేది కాదు గానీ, బియ్యం డబ్బా దగ్గరికి వెళ్తే గుప్పెడు నోట్లో పోసుకోకుండా రాలేకపోయేదాన్ని. ఒక రోజు మా ఆయన చూశారు.

"ఏటే ఆ తిండి? గుంటపిల్లలు మట్టి తిన్నట్టు."

"ఆకలేసింది."

"ఆకలేస్తే అన్నం తిను. దొంగతనంగా బియ్యం బుక్కుతావేటి?"

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నన్ను దొంగ అనడం అదే మొదలు. నేనూ ఊరుకోలేదు, రెండు అన్నాను. తర్వాత పీట మీద కూర్చున్నప్పుడు కాలి పట్టీలు చర్మంలోకి దిగబడి ఉండడం ఇద్దరం ఒకేసారి చూశాం. ఆయన వెళ్ళి వదినని పిలిచారు.

దాలమ్మక్క వచ్చి నా కాలి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. సొట్ట పడింది. అది ఎంతసేపట్లో పూడుకుంటుందో కన్నార్పకుండా చూసింది. ఆ లెక్క ఆవిడకి బాగా తెలుసు. మూడేళ్ళు రోజూ బావగారి కాళ్ళు అలాగే చూసింది మరి. "రేపే బయల్దేరండి" అంది.

రేపు రేపంటూ సెప్టెంబరులో శ్రీకాకుళం వెళ్ళాం. మా అమ్మాయి హేమ అక్కడే ఉంటుంది. అల్లుడు ఢిల్లేశ్వరరావు ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియను. ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళారు.

ఆ వరండాలో మూడు గంటలు కూర్చున్నాను. కూర్చున్నాను అనడం కూడా తప్పే, కుర్చీ దొరక్క గోడకి చేరగిలబడ్డాను. కళింగపట్నం నుంచి భర్తని తీసుకొచ్చిన ఒక మత్స్యకారుల ఆవిడ నన్ను చూసి, ఏమీ అడక్కుండా తన కుర్చీలో కూర్చోబెట్టి తను కింద కూర్చుంది. "నీ మొగం పాలిపోనాది తల్లీ, నాను కిందే బాగుంటాను" అంది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ అది మనసులో పీకుతూ ఉంటుంది.

డాక్టరమ్మ నా కంటి రెప్ప కిందకి లాగి చూసి పెదవి విరిచింది. రక్తం తీశారు. సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. కిడ్నీలు బాగున్నాయట. రక్తం మాత్రం అయిదున్నరే ఉందట. "మీ ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదమ్మా. ఇన్నాళ్ళూ ఎలా నిలబడ్డారు?" అంది డాక్టరమ్మ.

మేం ఆ మొదటి మాట నమ్మలేదు. ఇది మా ఉద్దానం మనుషులకే అర్థమవుతుంది. బావగారికి కూడా మొదటిసారి బాగానే ఉందన్నారని మా ఆయన పట్టు. మరో రెండు చోట్ల కిడ్నీ పరీక్షలు చేయించారు. అక్కడా బాగానే ఉందన్నారు. "ఇంకా బయటపడలేదు, అంతే" అన్నారు మా ఆయన. అయిదున్నర రక్తం సంగతి పక్కకి పోయింది. ఆ రక్తం ఎటు పోతోందో కనిపెట్టాలన్నది ఒక్క డాక్టరమ్మే. మల పరీక్ష రాసింది. నర్సు చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, "రేపు పొద్దున్నే ల్యాబులో ఇచ్చెయ్యండి" అంది.

ల్యాబులో అంటే అల్లుడి చేతిలో.

ఇక్కడ మా ఇళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మ తన అల్లుడి ఎదుట ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. తలుపు చాటు నుంచే మాట్లాడేది. నేను అంత పాతకాలం దాన్ని కాదు, కూర్చుంటాను, మాట్లాడతాను. అయినా అల్లుడు భోజనం చేస్తున్నంతసేపూ నా కొంగు భుజం మీద నుంచి జారదు. అలాంటిది ఆ డబ్బా తీసుకెళ్ళి, నాయనా ఇది నాది, చూసి పెట్టు అని ఎలా చెప్పను? రక్తం తీస్తుంటే అతని ఎదుటే చెయ్యి చాపాను. రక్తానికి సిగ్గు లేదు కదా.

రెండు రోజులు ఆలోచించి నా తెలివంతా ఉపయోగించాను. ఆదివారం అల్లుడికి సెలవు, ఆ రోజు వేరే అమ్మాయి ఉంటుంది. కాబట్టి ఆదివారమే ఇవ్వాలి. ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి కాస్త మర్యాదగా ఉండాలి. శనివారం సాయంత్రం హేమ చేత ఆముదం సీసా తెప్పించుకుని, మా అమ్మ పోసినట్టే పెద్ద గరిటెడు తాగాను. కడుపు కడిగేసుకుంటే లోపలున్న చెడంతా పోయి శుభ్రంగా ఉంటుందని. డబ్బాని కూడా డెట్టాలుతో రెండుసార్లు కడిగి ఎండబెట్టాను. పెళ్ళిచూపులకి పిల్లని తయారు చేసినట్టు తయారు చేశానన్నమాట. కొంగు కింద పెట్టుకుని తీసుకెళ్ళి, కౌంటర్లో అమ్మాయికి ఇచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ఏమీ కనబడలేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం అల్లుడి కంట పడకుండా ఫైలులో అన్నింటికంటే అడుగున తోసేశాను. డాక్టరమ్మకి చూపించినప్పుడు కూడా, ముందురోజు ఏం తిన్నారని అడిగితే మాట దాటేశాను. ఇద్దరు దాతల రక్తం ఎక్కించి పంపారు. ఆ దాతలెవరో తెలియదు. వాళ్ళ రక్తంతో నేను పది రోజులు మనిషినయ్యాను.

దసరా అయిన వారానికి మళ్ళీ నీరసించిపోయాను. ఈసారి సెంటరులోనే, పిల్లల మధ్య పడిపోయాను. ఒక పాప నా నుదుటి మీద తడి పలక పెట్టిందని ఆయా తర్వాత చెప్పింది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మళ్ళీ శ్రీకాకుళం వచ్చి పడ్డాం. రక్తం మళ్ళీ దిగిపోయింది. "ఇంక ఆగలేం. విశాఖపట్నం వెళ్ళి లోపలికి కెమెరా పంపి చూడాలి. ఏదైనా గడ్డ ఉంటే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ. గడ్డ అన్న మాట విన్న హేమ ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మా ఆయన అరుగు మీద నా పక్కన కూర్చున్నారు. చాలాసేపు మెట్ల కిందున్న చెప్పులకేసే చూశారు.

"అన్నని మోసినాను. నిన్ను మొయ్యలేనే" అన్నారు.

నేను భయపడ్డాను. అప్పటిదాకా పడింది భయం కాదు. చచ్చిపోతానని కాదు, చచ్చిపోతే ఈ మనిషి ఏమైపోతాడని.

మర్నాడు మధ్యాహ్నం విశాఖ ప్రయాణానికి కాగితాలు సర్దుతున్నాడు అల్లుడు. ఒక్కో రిపోర్టూ తీసి తేదీల వారీగా పెడుతున్నాడు. అడుగున ఉన్న ఆ కాగితం దగ్గర అతని చెయ్యి ఆగింది. నేను మంచం మీద అటు తిరిగి పడుకున్నాను.

"అత్తా, ఇది ఎప్పుడిచ్చినావు?"

"ఎప్పుడో ఇచ్చాను బాబూ."

"ఆదివారం ఇచ్చినావు. నా సెలవు సూసుకుని ఇచ్చినావన్నమాట." కాగితం వెలుగులో పెట్టి మళ్ళీ చదివాడు. "నూనె బొట్లు శానా ఎక్కువున్నాయని రాసినారు. ముందురోజు ఏటి తాగినావు?"

హేమ వంటింట్లోంచి వచ్చింది. "ఆముదం. సీసా నానే తెచ్చినాను" అంది.

అల్లుడు తల పట్టుకున్నాడు. "ఆముదం తాగితే మైక్రోస్కోపు కింద నూనె బొట్లే కనిపిస్తాయి అత్తా. దాని వెనకాల ఏనుగున్నా కనబడదు."

"డబ్బా కూడా డెట్టాలుతో కడిగాను." దాపరికం ఎలాగూ పోయింది కదా అని అది కూడా చెప్పేశాను.

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మంచం పక్కనే నేల మీద కూర్చున్నాడు. "రోజంతా అవే సూస్తాను అత్తా. డబ్బా మీద నంబరే కనిపిస్తాది, మనిషి కనబడదు. నువ్వు సిగ్గుపడి సెప్పకుండా వల్లకుంటావు, నాను మొహమాటపడి అడక్కుండా వల్లకుంటాను. రేపు నీకేదైనా అయితే హేమ మొగం నానెలా సూడాలి?"

కన్నకొడుకు లేడన్న లోటు నాకు ఆ క్షణం నుంచి లేదు.

డబ్బా మళ్ళీ ఇమ్మని అల్లుడు అంటే మా ఆయన మాత్రం మండిపడ్డారు. విశాఖలో పరీక్షకి రోజు ఖాయం చేశాక మళ్ళీ ఆ డబ్బాలేమిటని. "అది మనిషి ప్రాణం. నీకు నేర్సుకోడానికి కాదు" అనేశారు అల్లుడితో. అల్లుడు డాక్టరమ్మకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "మూడు రోజులు ఆగొచ్చు. నేను కూడా అదే అడుగుదామనుకున్నాను" అంది ఆవిడ. మా ఆయన కండువా దులుపుకుని బయటకి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆముదం లేదు, డెట్టాలు లేదు. డబ్బా పట్టుకుని నేనే ల్యాబుకి వెళ్ళాను. కొంగు కింద దాచలేదు. అల్లుడు దాన్ని తీసుకున్న తీరు, సెంటరులో నేను పాలప్యాకెట్టు తీసుకున్నట్టే ఉంది. నంబరు రాశాడు, లోపలికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది.

ఆ తలుపుకేసి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. మా ఆయన ఎదురుగా నిలబడి క్యాలెండరు చదువుతున్నారు, అది కిందటి నెలది. తలుపు తెరుచుకుని అల్లుడు బయటికి వచ్చాడు, ఏదో సీసా తీసుకుని మళ్ళీ వెళ్ళిపోయాడు. ఒకటి కనబడిందట, అది చాలక గట్టిగా తేల్చుకుందామని ఉప్పు నీళ్ళు కలిపాడట. ఆ సంగతి తర్వాత చెప్పాడు. విత్తనాలు ఉప్పు నీళ్ళలో పోస్తే తాలు గింజలు పైకి తేలతాయి కదా, అలాగే అతను వెతికేది ఉంటే పైకి తేలుతుందట.

ఈసారి తలుపు తెరిచినప్పుడు అతని ముఖమే చెప్పింది. "అత్తా, లోపలికి రా" అన్నాడు.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మైక్రోస్కోపులోకి చూడమన్నాడు. ముందు నల్లగా గీతలు కనబడ్డాయి. "అవి నీ కనురెప్పల ఎంటికలు, కళ్ళు దగ్గరగా పెట్టు" అన్నాడు. అప్పుడు కనబడింది. కోలగా, పల్చటి గాజు పొరలాంటిది, లోపల నాలుగు బఠానీ గింజలు సర్దినట్టు. దాని పక్కన ఇంకొకటి. అద్దం కొంచెం జరిపితే ఇంకో మూడు.

"కొంకి పురుగు గుడ్లు. పురుగులు నీ పేగులు కరిచి పట్టుకుని రోజూ నీ రగతం తాగుతన్నాయి. అందుకే ఎంత ఎక్కించినా దిగిపోతన్నాది."

"గడ్డ కాదా?"

"దీనికే ఇంత రగతం పోతాది అత్తా. డాక్టరమ్మ సెప్తాది."

డాక్టరమ్మ వచ్చి తనూ కన్ను పెట్టి చూసింది. విశాఖ అక్కర్లేదంది. ముందు దీనికి మందు వేసి, రక్తం నిలబడితే ఇంకేమీ వెతకనక్కర్లేదంది. "చెప్పుల్లేకుండా మట్టిలో తిరుగుతారా?" అని అడిగింది. తిరుగుతామా! జీడితోటలోకి చెప్పులేసుకుని వెళ్ళడం మా ఇంటా వంటా లేదు. తోట తల్లి లాంటిది, చెప్పుకాలితో తొక్కకూడదని మా అత్తగారి శాసనం. గట్టు దగ్గర చెప్పులు విప్పి దండం పెట్టి మరీ దిగుతాం. మరుగుదొడ్డి ఉంది, కానీ అందులో కొబ్బరి డొక్కలున్నాయి. తెల్లారి చెంబు పట్టుకుని ఊరంతా వెళ్ళేది ఆ తోటల్లోకే. అలా మట్టిలో చేరిన పురుగే పాదంలోంచి ఒంట్లోకి ఎక్కుతుందట.

డాక్టరమ్మ మందు పేరు రాసింది. చదివి నేను నోరు తెరిచాను. అది నులిపురుగుల మాత్ర. ఏటా రెండుసార్లు ఊళ్ళో పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, చప్పరించండి, ఊసేశారంటే ఊరుకోను అని గద్దించి నేను వేయించే మాత్ర. పెద్దవాళ్ళకి కూడా పురుగులుంటాయని ఒక్కనాడైనా తోచిందా నాకు? ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా బతుకు.

మా ఆయన అన్నీ విన్నారు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి తీసేశారు. బయటికి వెళ్ళి పెద్ద మిఠాయి పొట్లంతో వచ్చారు. వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ ఒక్కో లడ్డూ పెట్టడం మొదలుపెట్టారు. హేమ గాభరా పడింది.

"నాన్నా, ఎందుకని అడిగితే ఏటి సెప్తావు?"

"ఉన్నదే సెప్తాను." ఒక ముసలాయన అడగనే అడిగాడు. "మా ఆడదానికి పురుగులున్నాయండి. తీస్కోండి" అన్నారు మా ఆయన. ముసలాయన ఏమనుకున్నాడో గానీ, శుభం అని తీసుకున్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని వెక్కిరిస్తారు లోకులు. ఆ ఎలుక దొరికినందుకు మేం చేసుకున్న పండగ ఇంకెవరూ చేసుకుని ఉండరు.

నవంబరు, డిసెంబరు మందులతోనే గడిచాయి. మా ఆయనకీ మాత్ర వేయించాను. నాకు ఐరన్ మాత్రలు నోరంతా చేదు చేసేవి, అయినా ఒక్కటి మానలేదు. రక్తం ఎనిమిదైంది, తర్వాత పదిన్నర, కాళ్ళ వాపు కూడా తీసింది. బియ్యం డబ్బా ఎదురుగా ఉన్నా చెయ్యి వెళ్ళడం మానేసింది. మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నారు, చేయించుకున్నాను, పురుగులు లేవు. కొబ్బరి డొక్కలు పెరట్లోకి వెళ్ళాయి. తోట గట్టు మీద మా ఆయన ఒక పూటంతా తటపటాయించి, చివరికి చెప్పులతోనే దిగారు. "అమ్మ ఉంటే కొట్టును" అన్నారు. కొట్టేదే, నిజం. తర్వాత నేను కూడా దిగాను.

ఊళ్ళో ఆడవాళ్ళకి సెంటరు దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. నా కథ మొత్తం, ఆముదంతో సహా. ముందు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వెనక ఆగి మెల్లగా అడిగేవారు. వాళ్ళలో అక్క లేదు. నేను చెబుతున్నప్పుడు లేచి వెళ్ళిపోయేది.

మాఘమాసంలో ఒక ఉదయం జీడిపూత చూడ్డానికి తోటకి వెళ్తుంటే అక్క నా వెనకే నడుస్తోంది. సగం దారిలో కూర్చుండిపోయింది. నేను వెనక్కి వచ్చి ఆవిడ రెప్ప కిందకి లాగి చూశాను, డాక్టరమ్మ చేసినట్టే. లోపల తెల్లగా ఉంది.

"ఎన్నాళ్ళ బట్టి?"

"రెండేళ్ళ బట్టి." మాట మామూలుగానే చెప్పింది. "నాకు తెలుసులేయే. ఆయనదే నాకూ వచ్చినాది. నీకు సెప్తే నువ్వు అందరికీ సెప్తావు. మీ ఆయన మళ్ళీ ఆ ఆసుపత్రి దారి తొక్కాల. వద్దు. ఆయన పోయినట్టే నానూ పోతాను."

రెండేళ్ళు. నా కాలి మీద వేలితో నొక్కిన రోజున కూడా ఆవిడ ఒంట్లో ఇదే ఉంది. ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నడిదారిలో పెద్ద గొంతుతో తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను. ఆ రోజే బస్సెక్కించాను.

అల్లుడు ఈసారి రెండూ చేశాడు, రక్తమూ, డబ్బా కూడా. అక్క వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ గోడల కేసి చూడలేదు. బావగారితో ఎన్ని ఉదయాలు అలాంటి వరండాల్లో కూర్చుందో. నేను నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ, అది ఒకటి.

అల్లుడు బయటికి వచ్చి అక్క ముందు నేల మీద గొంతు కూర్చున్నాడు. "పెద్దత్తా, కిడ్నీలు బాగున్నాయి. రగతం తక్కువుంది. పురుగులున్నాయి, మా అత్తకున్నట్టే. మందుంది" అన్నాడు.

అక్క అతన్ని చూడలేదు. నావైపు తిరిగింది.

"పురుగులేనేటే వరాలూ?"

"పురుగులే అక్కా."

"ఆయనది కాదు కదా?"

"కాదు. వట్టి పురుగులే."

ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. బావగారు పోయిన రోజున కూడా నా ఎదుట ఏడవని మనిషి. వరండాలో అందరూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. కాసేపటికి కొంగు తీసి ముక్కు తుడుచుకుంది.

"మళ్ళీ సెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.